వచ్చిండుకూ వచ్చాడుకూ ఒకటే తూకం

విజయవాడ రోడ్డు హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డును కలిసే పెద్ద అంబర్‌పేట్‌లో తెల్లవారుజామున బస్సులు ఆగేచోట నిలబడితే రెండు తెలుగులు చెవిన పడతాయి. "మావోడు వచ్చిండా?" అని ఒకాయన ఫోన్లో అడుగుతుంటాడు. "ఇప్పుడే వచ్చాడండీ" అని పక్కన ఇంకొకామె చెబుతుంటుంది. రెండోది పుస్తకాల మాటని, మొదటిది మోటని చిన్నప్పుడు మాకు బడిలో చెప్పారు. ఆ మాట నన్ను చాలాకాలం బాధపెట్టింది. ఛందస్సు నేర్చుకున్నాకే నాకు జవాబు దొరికింది.

'వచ్చిండు' రాతలో వ-చ్చిం-డు. పలికి చూడండి: వచ్-చిం-డు. జంట చకారంలో ఒకటి వెనక్కి జరిగి 'వ'ను మూస్తుంది, అందుకే అది గురువు, అంటే రెండు మాత్రల బరువైన అక్షరం. 'చిం' సున్నతో గురువు. 'డు' లఘువు, ఒకే మాత్ర. గురువు, గురువు, లఘువు: తగణం. ఇప్పుడు 'వచ్చాడు' తూచండి. అదీ తగణమే! ఒకచోట బరువును సున్న మోస్తోంది, ఇంకోచోట దీర్ఘం మోస్తోంది. చేసిండు-చేశాడు, పోయిండు-పోయాడు, చెప్పిండ్రు-చెప్పారు, అన్నీ అంతే.

ఇక చివరి అక్షరం: డు, ది, రు. వచ్చిందెవరో అదే చెబుతుంది. ఫ్రెంచిలో ఈ సౌకర్యం తక్కువ. నేను, నువ్వు, వాళ్ళు మాట్లాడతారనడానికి రాతలో మూడు రూపాలున్నా నోట మూడూ 'పార్ల్' అనే వినిపిస్తాయి, ఎవరన్నది ముందే చెప్పుకోవాలి. 

మళ్ళీ తూకానికి వస్తే, రెండు తెలుగుల్లో అన్ని క్రియలూ ఇలా సరితూగవు. 'అన్నాడు' తగణం, 'అన్నడు' భగణం (గురువు, లఘువు, లఘువు). 'వచ్చాను' తగణం, నేను వచ్చానని చెప్పే మా తెలంగాణ 'వచ్చిన' భగణం. ఒక మాత్ర తగ్గింది. అయినా త, భ రెండూ ఇంద్రగణాలే కాబట్టి ద్విపద అనే రెండు పాదాల పద్యంలో ఇంద్రగణం ఉండాల్సిన చోట ఏది పెట్టినా చెల్లుతుంది. 1858లో వచ్చిన చిన్నయసూరి బాలవ్యాకరణం గ్రాంథిక రూపాలకు సూత్రాలు కట్టింది. బస్టాండు క్రియలకు అందులో చోటు లేదు. ఛందస్సు మాత్రం మాట ఎక్కడిదని అడగదు.

అసలు చిక్కు 'దిగిండు'తో. లఘువు, గురువు, లఘువు: జగణం. ఇంద్రగణాల్లో లేదు, సూర్యగణాల్లో లేదు. అలాంటప్పుడు మాటను విరవాలి. 'ది' ముందు గణంలో కలుస్తుంది, మిగిలిన 'గిండు' చక్కటి సూర్యగణం. ద్విపద పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం కావాలి కదా, నేనే ఒకటి కట్టాను:

వచ్చిండు పొద్దున్నె బస్సు దిగిండు

వచ్చిండు / పొద్దున్నె / బస్సుది / గిండు. మూడో గణం మొదట్లోని 'బ'కు పాదం మొదట్లోని 'వ'తో యతి, అంటే అక్షరాల జత, కుదిరింది. ఇప్పుడు 'వచ్చాడు', 'దిగాడు' పెట్టి చదవండి. పాదం కదలదు.