దామెర్ల రామారావు చిత్రరచన: గుణదోష విచారము

చిన్నవయసున గతించిన కళావేత్తను గూర్చి వ్రాయుటలో నొక చిక్కు కలదు. ఆతని మరణమును దలచి కలుగు శోకము, ఆతని కృతులను జూచి చేయవలసిన విచారణమునకు అడ్డుపడును. దామెర్ల రామారావు విషయమున నీ చిక్కు మిక్కిలిగ గానవచ్చుచున్నది. ఆయన 1897 మార్చి 8వ తేదిన రాజమహేంద్రవరమున జన్మించెను. 1925 ఫిబ్రవరి 6వ తేదిన, ఇరువదియెనిమిదేండ్లు నిండకమునుపే, మశూచికమునకు బలియయ్యెను. "బ్రతికియున్నచో నెంతవాడయ్యెడివాడో" అను మాటతో ఆయనను గూర్చిన ప్రసంగములు తఱచుగ ముగియుచుండును. ఈ మాట గౌరవముగ దోచినను న్యాయమైనది కాదు. చేయని పనిని గూర్చి యూహించుట, చేసిన పనిని జూడకుండుటకు సాకగును. ఆయన చేసినది యెట్టిది, అందేది నిలుచును, ఏది కొఱతపడినది అనునవియే విమర్శకు దగిన ప్రశ్నలు.

రెండవమాట యొకటి కలదు: ఆధునికాంధ్ర చిత్రకళకు రామారావు మూలపురుషుడనుట. ఇది శోకము కాదు, సిద్ధాంతము; సిద్ధాంతమునకు ఉపపత్తి కావలెను. ఆయన గ్రహించిన ఇతివృత్తములు పెక్కులు పౌరాణికములు, భారతదేశమున కెల్ల సామాన్యములు. ఆయన విద్య బొంబాయిది. అట్లుండగా ఆయన చిత్రములలో ఆంధ్రత్వమని దేనిని జూపవచ్చును? పేరు పెట్టుట సులభము. పేరునకు దగిన వస్తువును వ్రేలితో జూపుట కష్టము.

ఆయన కుంచె పట్టునాటికి దేశమున రెండు మార్గములు ప్రసిద్ధములై యుండెను. మొదటిది రాజా రవివర్మది. ఆయన (1848–1906) నూనెరంగులతో పాశ్చాత్యరీతిని దేవతలకు మానవుల శరీరపుష్టిని గల్పించెను. 1894లో నెలకొల్పబడిన ఆయన ముద్రణాలయమునుండి వెలువడిన పటములు దేశమందంతట గోడల కెక్కెను. రెండవది దానికి బ్రతిగ వంగదేశమున అవనీంద్రనాథ ఠాకూరు ప్రవర్తింపజేసినది. ఈ మార్గపు వాష్ పద్ధతియందు రంగు వేసిన కాగితమును మరల మరల నీట దడిపి, పూతపై పూత పెట్టుచు బోవుదురు. అందువలన ఆకృతులు మంచులో నున్నట్లు మెత్తబడి, భావమునకు బ్రాధాన్యము, దేహమునకు అప్రాధాన్యము కలుగును. ఈ మార్గము తెనుగునాట బందరున బాదుకొనెను. 1910లో స్థాపితమైన ఆంధ్రజాతీయకళాశాలయందు ప్రమోదకుమార చట్టోపాధ్యాయుడు చిత్రకళ బోధించెను. అడివి బాపిరాజు ఆయన శిష్యుడు.

రామారావు వచ్చిన దారి వేఱు. రాజమహేంద్రవరపు ప్రభుత్వ కళాశాలకు 1909 మొదలు 1919 వఱకు అధ్యక్షుడుగ నున్న ఆస్వాల్డు కూల్డ్రే స్వయముగ రచయిత, నీటిరంగుల చిత్రకారుడు. ఆయన చుట్టును జేరిన యువకులలో బాపిరాజును, కవికొండల వేంకటరావును కవులుగ బేరొందిరి. రామారావు చేతియందలి రేఖాశక్తిని గుర్తించి, బొంబాయిలోని జె. జె. చిత్రకళాశాలకు బోవుటకు బ్రోత్సహించినవాడు కూల్డ్రేయే. 1916లో రామారావు అచ్చట జేరునాటికి సెసిల్ బర్న్స్ అధ్యక్షుడు. 1919లో గ్లాడ్‌స్టన్ సాలమన్ ఆ పదవికి వచ్చిన పిదప, సజీవదేహమును ఎదుట నిలుపుకొని గీయు నభ్యాసమునకు అచ్చట బ్రాధాన్యము హెచ్చెను. 1920లో రామారావు విద్య ముగించెను. మనుష్యదేహమున బరువు ఏ పాదముపై నిలుచును, భుజము వంగినప్పుడు నడుము ఎట్లు తిరుగును, కట్టిన వస్త్రము దాని ననుసరించి యెట్లు మడతపడును అనునవి ఆయనకు ఊహలు గావు, చేతికి వచ్చిన విద్యలు. ఈ యొక్క విషయమును మఱచినచో ఆయన చిత్రములలో నేదియు నర్థము గాదు.

ఆయన మార్గమును వంగమార్గపు శాఖగ నెంచుట పొరబాటు. రామారావు నీటిరంగులనే యెక్కువగ వాడెను, పురాణకథలనే గ్రహించెను, లావణ్యమునే కోరెను. ఇంతవఱకు సామ్యము కలదు. కాని ఆయన చిత్రములలో మంచుపొర లేదు. రేఖ స్పష్టము, ఆకృతి తన హద్దులోపల నిండుగ నిలుచును. అట్లని ఆయన రవివర్మ వలె వెలుగునీడలతో దేహమును పటమునుండి ముందునకు బొడుచుకొని వచ్చునట్లు చేయలేదు. బొంబాయి నేర్పిన దేహజ్ఞానమును రేఖలో నిమిడ్చి, రంగును పలుచన చేసి, బరువును తగ్గించెను. చదువుకొన్నదానిని దాచుకొనుట విద్యలో గడపటి మెట్టు. రామారావు దానిని పాతికేండ్లకే యెక్కెను.

దీనికి దృష్టాంతము "ఋష్యశృంగ బంధనము". 1922లో కలకత్తాలో జరిగిన ప్రదర్శనమున దీనికి ప్రథమబహుమానము లభించెను. ఈ కథకు రాజమహేంద్రవరముతో బూర్వసంబంధ మొకటి కలదు. ఋష్యశృంగోపాఖ్యానము తెనుగుభారతమున అరణ్యపర్వమునందలి నన్నయభాగములోనిది. రాజరాజనరేంద్రుని యాస్థానమున ఆ భారతము పుట్టినది ఈ నగరముననే. తొమ్మిదినూఱుల యేండ్ల పిదప అదే యూరివాడొకడు అదే కథను రంగులలో నెత్తుకొనెను. రెంటిని సరిపోల్చిన గుణదోషములు రెండును దేటపడును. భారతకథయందలి సొగసు ముని యమాయకత్వమున నున్నది. స్త్రీ నెన్నడు నెఱుగని ఋష్యశృంగుడు వారకాంతను సాటి బ్రహ్మచారిగ దలచును. ఆ రూపమును తండ్రికి వర్ణించి చెప్పును. శ్రోత నవ్వును, ఆ నవ్వులోనే జాలిపడును. దీని వెనుక అంగదేశపు అనావృష్టి, రాజు రోమపాదుని యవసరము, వానకై ముని నపహరింపవలసిన ధర్మసంకటము కలవు.

చిత్రకారుడు ఈ ముందువెనుకలను విడిచి, బంధనమను నొక్క క్షణమును గైకొనెను. కథ కాలమున నడచును, చిత్రము క్షణమున నిలుచును గావున ఈ విడుపు తప్పు గాదు. స్త్రీసమూహమునకు నడుమ ముని చిక్కిన తీరును త్రాళ్లు లేకయే, దేహముల యమరిక చేతనే చూపగలుగుట గొప్ప నేర్పు. చూపు ఒక మూర్తినుండి మఱియొక మూర్తికి జాఱి, బయటికి బోవు దారి లేక మరల నడిమికే వచ్చును. ఆ చుట్టే బంధనము. కాని భారతకథలోని ధర్మసంకటము ఇందు లేదు. వలపు కలదు, వంచన లేదు; ముని చిక్కెను గాని, చిక్కుటవలన ఏమి కోల్పోవుచున్నాడో తెలియదు. నన్నయ నవ్వించుచు గలతపెట్టును. రామారావు మఱపించి యూరకుండును. ఇది ఆయన శక్తికిని హద్దునకును ఒకేచోట దొరకు ప్రమాణము.

"సిద్ధార్థ రాగోదయము" విషయమును నిట్టిదే. లలితవిస్తరమునందలి కథప్రకారము రాజకుమారుడు కన్యలకు కానుకలు పంచును; కానుక లన్నియు దీఱిన పిదప గోపయను కన్య వచ్చును; ఆమెకు దన యుంగరము నిచ్చును. ఈ గోపయే యితరత్ర యశోధరగ బ్రసిద్ధ. తరువాత సర్వమును విడిచిపోవువాడు మొదట మనసు నిచ్చిన క్షణమిది. చిత్రకారుడు దీని నెన్నుకొనుటలోనే కవిదృష్టి యున్నది: వైరాగ్యమును గీయువారు పెక్కండ్రు కలరు, ఆ వైరాగ్యమునకు వెలయైన రాగమును గీయువారు కొలది.

రామారావు ప్రతిభకు నిజమైన స్థానము ఏకమూర్తులయందు గాక సమూహరచనయందు గలదు. "పుష్పాలంకారము", "నంది పూజ", "కృష్ణలీల" మొదలగు చిత్రములలో కథ యల్పము; కొన్నిట దాదాపు శూన్యము. స్త్రీలు పూలు దుఱుముకొనుట, నందిని బూజించుట ఇంతియే వస్తువు. అట్లయ్యు చూపు విసుగు చెందదు. వాక్యమునందు బదములు ఒండొంటి నపేక్షించినట్లు, ఈ పటములలో ఒక చేయి మఱియొక చేతిని, ఒక మెడవంపు మఱియొక నడుమువంపును అపేక్షించును. ఒక మూర్తిని దీసివేసినచో పటమంతయు సడలును. పాండిత్యభాషలో దీనిని అన్వయమనవచ్చును. సమకాలికములైన భావకవితాఖండములతో నీ చిత్రములకు బోలిక తెచ్చుట వాడుకయై యున్నది; లావణ్యమునందు ఆ పోలిక సరియే. కాని భావకవితలో సడలిన కట్టుబాటు రామారావునందు సడలలేదు. ఆయన సుకుమారత గట్టి పునాదిపై నిలిచినది.

ఇక దోషములు. ఆయన స్త్రీమూర్తులలో ముఖభేదము తక్కువ. ఒకే సన్నని యాకృతి, ఒకే వాలుచూపు పటమునుండి పటమునకు మరల వచ్చును. సమూహము నందమునకు ఇది తోడ్పడును గాని, వ్యక్తులను మాపివేయును. ఆ స్త్రీలలో నలసిన ముఖము, ముదిసిన చేయి అరుదు. అట్టి ముఖముల నాయన చూడలేదా యన్నచో, చూచెను. ఆయన యజంతాకు బోయెను, కాఠియవాడ ప్రాంతమున దిరిగెను; పోయినచోటనెల్ల స్కెచ్చి పుస్తకములు నింపెను. అందలి పెన్సిలు గీతలలో బజారు మనుష్యులు, పనివాండ్రు, గోదావరి తీరము, పశువులు ఎదురుపడును. నాలుగు గీతలలో ఒక మనుష్యుని స్వభావము తేలును. ఈ తీక్ష్ణత పెద్ద పటములలోనికి బూర్తిగ రాలేదు. స్కెచ్చి పుస్తకమునందలి రామారావును, ప్రదర్శనపటమునందలి రామారావును ఇంకను ఒక్కడు గాలేదు. ఆయన మరణమున గలిగిన నష్టము నిజముగ నిచ్చట నున్నది. ఊహలో గాదు, కంటి ముందఱనున్న రెండు రకముల కాగితముల నడిమి యెడములో నున్నది.

ఇప్పుడు ఆంధ్రత్వ ప్రశ్నకు మరల వచ్చుట యుక్తము. కొందఱు రామారావును అమరావతి శిల్పులకు వారసునిగ జెప్పుదురు. అమరావతి ఫలకములయందు గుండ్రని హద్దులోపల జనసమూహమును దుఱుమి, ఒక్క యలగ గదలించు నేర్పు కలదు. రామారావు సమూహరచనతో దీనికి బోలిక తోచుట సహజము. కాని పోలిక వేఱు, వారసత్వము వేఱు. నడిమి పదునేడు పదునెనిమిది శతాబ్దులను ఒక్క గంతున దాటి రక్తసంబంధము గట్టుట చరిత్ర గాదు, ముచ్చట. ఆయన ఆంధ్రత్వమునకు ఇంత దూరపు సాక్ష్యము అక్కఱలేదు. ఆయన మునికన్యలు, గోపికలు గోదావరి యొడ్డున నీరు ముంచు స్త్రీలవలె జీరకట్టుదురు, కొప్పు ముడుతురు. తూర్పుకనుమల నడుమ గోదావరిని ఆయన నీటిరంగులలో దించెను. దేశ్యత పూర్వులనుండి తెచ్చుకొనునది గాదు, ఇరుగుపొరుగులను జూచుటచే వచ్చునది.

మఱియొక సాక్ష్యము ఆయన యింటిలోనే కలదు. ఆయన భార్య సత్యవాణియు, సోదరి బుచ్చికృష్ణమ్మయు కుంచె పట్టిరి. గౌరవకుటుంబముల స్త్రీలు చిత్రకారిణులగుట తెనుగునాట వింతగ నుండిన కాలమున ఇది చిన్నపని గాదు. బొంబాయినుండి మరలివచ్చి, పెద్దనగరముల నాశ్రయింపక స్వగ్రామముననే చిత్రకళాశాలను నెలకొల్పి, ధనము కంటె శిష్యులను గోరెను. మిత్రుడు వరదా వెంకటరత్నము ఆయన మరణానంతరము పాఠశాలను, పటములను గాపాడుటకు బూనుకొనెను. నేడు రాజమహేంద్రవరమునందలి దామెర్ల రామారావు చిత్రశాలలో ఆ కృతులు చూడ దొరకుట అట్టి పూనికకు ఫలము.

అయినను ఆ మార్గము విస్తరిల్లలేదు. 1929లో దేవీప్రసాద రాయ్‌చౌధురి మదరాసు చిత్రకళాశాలకు అధ్యక్షుడైన పిదప తెనుగు యువకుల చూపు అటు మరలుట యొక కారణము. లోపలి కారణము వేఱొకటి కలదు. అనుసరించినవారిలో బెక్కండ్రు రామారావు రేఖను, రంగును, పొడుగుపాటి స్త్రీమూర్తిని గైకొనిరి. ఆ రేఖకు వెనుకనున్న నిత్యాభ్యాసమును, స్కెచ్చి పుస్తకమును గైకొనలేదు. ఫలమును గోసికొని చెట్టును విడిచిరి. గురువును దైవముగ నెంచినచోట నిట్లే జరుగును: దైవమును బూజింతురు గాని పరీక్షింపరు.

మూలపురుషుడను బిరుదమును ఆయనకు నిలుపదలచినచో దాని యర్థమును మార్చవలెను. రామారావు ఒక పూర్ణమార్గమును గట్టి యప్పగించినవాడు గాడు. చూచినదానిని నమ్మి, చదివినదానిని జీర్ణించుకొని, తన యూరిలో నిలిచి చిత్రము వ్రాయవచ్చునని చేసి చూపినవాడు. అంతవఱకు ఋణము స్పష్టము. నీటిరంగులు కాగితముపై శాశ్వతములు గావు. వెలుతురు వానిని వెలయించును, చెమ్మ తినివేయును. ఆ పటములను జాగ్రత్తగ రక్షించుటయు, ప్రతిపటమునకు సరసన దానికి సంబంధించిన పెన్సిలు గీతలను నిలిపి చూపుటయు పొగడ్తలకంటె నెక్కువ యుపకారము. అప్పుడు చూడవచ్చినవాడు "ఎంతవాడయ్యెడివాడో" యనడు. రెండు కాగితములను మార్చి మార్చి చూచి, ఇరువదియేడేండ్లవాడొకడు ఎచ్చటనుండి బయలుదేఱి ఎంతవఱకు వచ్చెనో తానే కొలుచుకొనును.