చెంచాడు తోడు

మా ఇంట్లో అప్పుడప్పుడు తోడుకు పెరుగు మిగిలేది కాదు. పిల్లలం గిన్నె ఊడ్చేసేవాళ్లం మరి. అమ్మ చిన్న గిన్నె చేతికిచ్చి పక్కింటి పిన్నిగారి దగ్గరికి తరిమేది. చెంచాడు తోడు తెస్తే తెల్లారేసరికి గిన్నెడు పెరుగు. వారం తిరక్కుండా పిన్నిగారబ్బాయి అదే చెంచాడు కోసం మా గుమ్మంలో ఉండేవాడు. టొరెంట్ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే ముందు ఈ సంగతే చెబుతాను.

మామూలు డౌన్‌లోడ్‌ అంటే ఒక సర్వరు, వెయ్యిమంది జనం. రేషన్ షాపు క్యూ లాంటిది. 1999లో నాప్‌స్టర్ వచ్చి, పాటలు ఒకరి కంప్యూటర్ నుంచి ఇంకొకరి కంప్యూటర్‌కు నేరుగా వెళ్లే దారి చూపింది. కానీ ఎవరి దగ్గర ఏముందో చెప్పే జాబితా ఆ కంపెనీ సర్వర్లలోనే ఉండేది. కోర్టు కేసుతో 2001లో ఆ సర్వర్లు ఆగాయి, పంపకమూ ఆగింది. అదే ఏడాది బ్రామ్ కోహెన్ బిట్‌టొరెంట్ విడుదల చేశాడు. ఇది ఫైలును ముక్కలు చేస్తుంది. మీకు చేరిన ముక్క, మిగతావి రాకముందే, మీ దగ్గర్నుంచి ఇంకొకరికి బయల్దేరుతుంది. జనం పెరిగితే ఇచ్చే చేతులూ పెరుగుతాయి. నాకు అన్నిటికంటే నచ్చేది దీని ముందుచూపు: తక్కువమంది దగ్గరున్న ముక్కనే ముందు తెచ్చుకుంటుంది. అరుదైన ముక్క నలుగురికీ చేరితే, మొదటివాడు కంప్యూటర్ కట్టేసి నిద్రపోయినా ఫైలు బతుకుతుంది. ప్రతి ముక్కకూ హాష్ అనే వేలిముద్ర ఉంటుంది. అది కలవకపోతే ఆ ముక్కను పారేసి మళ్లీ తెచ్చుకుంటుంది.

కొత్తవాళ్లు టొరెంట్లు దించే ప్రోగ్రామైన క్యూబిట్‌టొరెంట్‌ను దాని సొంత సైటు నుంచే తెచ్చుకోండి. ఉచితం, ప్రకటనల గోల లేదు. మొదటి ఫైలుగా డెబియనో ఉబుంటునో ఎంచుకోండి. ఈ లినక్స్‌లకు టొరెంట్లు వాటిని తయారుచేసేవాళ్లే ఇస్తారు. తెరమీద సీడ్స్ అని కనిపించే అంకె, మొత్తం ఫైలు దగ్గరుంచుకుని పంచుతున్నవాళ్ల లెక్క. అది సున్నా అయితే పెద్దగా ఆశ పెట్టుకోకండి. పాత పాఠాల వీడియోలు కొన్ని నాకు 97 శాతం దగ్గర పదకొండు రోజులు నిలబడిపోయాయి. ఓ రాత్రి ఎక్కడో ఎవరో కంప్యూటర్ తెరిచారు, తెల్లారేసరికి నూరు శాతం. ఆ మనిషెవరో నాకిప్పటికీ తెలియదు.

ఇవ్వడం నాకు వెంటనే వంటబట్టిందని అనుకోకండి. ఇంజినీరింగ్ హాస్టల్లో మా లాన్ మీద ఫైళ్లు పంచుకునే డీసీ ప్లస్ ప్లస్ రాజ్యమేలేది. దాని హబ్‌లోకి, అంటే అందరూ కలిసే చోటికి, అడుగుపెట్టాలంటే ఇన్ని జీబీలు షేర్ చేయాలని షరతు. మేం విండోస్ ఫోల్డరంతా షేర్‌లో పెట్టి లెక్క సరిపెట్టాం. పెళ్లిలో ఖాళీ కవరు చదివించినట్టు! టొరెంట్లలోనూ పని కాగానే ఎంట్రీ తీసేసి జారుకునే బాపతు బోలెడుమంది. 97 దగ్గర నన్ను కూర్చోబెట్టింది అలాంటివాళ్లే.

సినిమా సంగతి అడుగుతారని తెలుసు. ‘నేను చూసుకోవడానికేగా’ అనే మాట ఇక్కడ చెల్లదు. టొరెంట్‌లో దించుకుంటున్నారంటే అదే క్షణంలో పంచుతున్నారు కూడా. పైగా మీ ఐపీ చిరునామా ఆ గుంపులో అందరికీ కనిపిస్తుంది. 1957 కాపీరైట్ చట్టంలో ఇందుకు జైలు శిక్ష ఉంది. నాకైతే చట్టం కంటే ముందు, పక్కవాడి పెరట్లోని కాయలు కోసి ఊరంతా పంచి ఉదారుణ్ననిపించుకోవడమే రోత.

రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్ మీద ఈ పని పెట్టుకోవద్దు, మధ్యాహ్నానికే డేటా హరీ అంటుంది. ఇంటి బ్రాడ్‌బ్యాండ్ అయినా స్పీడ్ సెట్టింగుల్లో అప్‌లోడ్‌కు పగ్గం వేయండి. లేకపోతే పిల్లల ఆన్‌లైన్ క్లాసు ఆగుతుంది, చీవాట్లు మీకు.

ఫైలు పూర్తయ్యాక రేషియో అనే అంకె చూడండి. తీసుకున్నదానికి ఎన్ని రెట్లు తిరిగిచ్చారో అది చెబుతుంది. కనీసం ఒకటి దాటేదాకా తీసేయకండి. నా డెబియన్ ఫైలు రేషియో ఈ ఉదయానికి 3.4.