ముల్లా గ్రంథంలో విరాసత్తు – ఒక పరిశీలన

ముస్లిం కుటుంబాల ఆస్తి తగాదా కోర్టుకెక్కినప్పుడు న్యాయవాదులు ముందుగా తెరిచే పుస్తకాలలో దిన్‌షా ఫర్దూన్‌జీ ముల్లా (1868–1934) రచించిన ‘ప్రిన్సిపుల్స్ ఆఫ్ మహమ్మడన్ లా’ ఒకటి. పేరును బట్టి గ్రంథకర్త మౌల్వీ అనుకోవచ్చు గాని, ఆయన బొంబాయి పార్సీ న్యాయవాది. పిమ్మట ప్రీవీ కౌన్సిల్ న్యాయ సంఘ సభ్యుడైనవాడు. గ్రంథంలోని స్పష్టత, క్లుప్తత మెచ్చదగినవి. కాని కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లోని ఆడపడుచుల వాటాను కాపాడుకోవడానికి ఆ గ్రంథమొక్కటే చాలదు.

శాసనం వలె సెక్షన్లుగా సాగడమే ఈ రచన బలం, బలహీనత కూడా. ఏ శాసనసభా ఆమోదించని ఈ సెక్షన్లు వాడుకలో చట్టమంతటి గౌరవం పొందాయి. వాటాల పట్టిక చదివినవారికి అంతటితో ధర్మం నెరవేరినట్లే తోస్తుంది.

ఉదాహరణకు, హనఫీ రైతు ఒకరు భార్యను, ఒక కుమారుణ్ణి, ఇద్దరు కుమార్తెలను విడిచి మరణించారనుకొందాం. చెల్లించని మహర్, ఇతర అప్పులు, వసియ్యత్ పోగా 8 ఎకరాలు మిగిలితే భార్యకు 1 ఎకరం, కుమారునికి 3 ఎకరాల 20 గుంటలు, ఒక్కొక్క కుమార్తెకు 1 ఎకరం 30 గుంటలు వస్తాయి. స్త్రీ వాటా దానం కాదు, విధి. ఆస్తి కొంచెమైనా ఎక్కువైనా వాటా తప్పదన్నది సూరా నిసా 7వ ఆయత్ భావం.

తెలంగాణ రెవెన్యూ వాడుకలో ‘విరాసత్’ అంటే పట్టాదారు మరణించాక వారసుల పేర్లు ఎక్కించడం. షరీఅత్‌లో విరాసత్ మరణ క్షణంలోనే జరిగిపోతుంది. కచేరీలో అది దరఖాస్తుతో మొదలవుతుంది. ఈ రెండింటి నడుమ అన్నదమ్ముల పేర్లు మాత్రమే ఎక్కితే ఆడపడుచు వాటా కాగితంపై మాయమవుతుంది. 1971, 2020, 2025 సంవత్సరాలలో భూరికార్డుల చట్టాలు మారుతూ వచ్చినా, రికార్డులో పేరెక్కినంత మాత్రాన హక్కు పుట్టదు, పేరు లేనంత మాత్రాన హక్కు పోదు అని సుప్రీంకోర్టు 1996లో సవర్ణీ కేసులో చెప్పిన మాట గుర్తుంచుకోవలసి ఉన్నది.

పుట్టింటి రాకపోకలు తెగుతాయన్న భయంతో ‘మాఫ్ చేశాను’ అనే సోదరి సంగతేమిటి? తండ్రి బ్రతికుండగా రాసిన హక్కు విడుదలకు సాధారణంగా విలువ లేదని గ్రంథం చెబుతుంది. అయితే ప్రతిఫలం పుచ్చుకొని ఒప్పుకొన్నవారు తరువాత వాటా అడగకుండా అడ్డుపడవచ్చునని 1973 నాటి గులాం అబ్బాస్ కేసు తీర్పు. సొమ్ము తీసుకొని వేలిముద్ర వేసేముందు ఈ తేడా తెలియాలి.

హిబా మరొక చిక్కు. ప్రకటన, అంగీకారం, స్వాధీనం మూడూ ఉంటే నోటిమాట హిబా చెల్లుతుంది. కాగితంపై రాసినా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదని 2011లో హఫీజా బీబీ కేసులో తేలింది. ఈ వెసులుబాటు కుమార్తెల వాటాను తప్పించే సాధనం కారాదు. పొలాన్ని చివరిదాకా తండ్రే సాగుచేయించుకొని, ఫలసాయం తానే అనుభవించి ఉంటే మూడవ షరతును గట్టిగా నిలదీయవలసిందే. ఉట్నూరు వంటి ఏజెన్సీ గ్రామాలలోనైతే 1970లో సవరించిన 1959 నాటి భూబదలాయింపు నిబంధన మేరకు గిరిజనేతరులకు అమ్మకం గాని దానం గాని చెల్లదు. స్థానిక శాసనాలను ముల్లా గ్రంథంలో వెదకడం వ్యర్థం.

గ్రంథాన్ని తోసిపుచ్చనక్కరలేదు, దాని హద్దు తెలుసుకొని వాడుకోవాలి. వాటా ఎంత అన్నదానికి అందులో జవాబున్నది. ఆ వాటా పాసు పుస్తకం దాకా ఎలా చేరాలన్నది కుటుంబ పెద్దలూ, మస్జిదు కమిటీలూ, న్యాయవాదులూ కలిసి తెలుగులో చెప్పవలసిన విషయం. అంత్యక్రియలు ముగిసి అప్పుల లెక్క చూసేనాడే వారసులందరి పేర్లతో విరాసత్ దరఖాస్తు పెట్టడం అందుకు తొలిమెట్టు.