పువ్వు కన్నా ఆకే సాక్ష్యం

జూలై, ఆగస్టుల్లో షికాగో శివార్ల ప్రెయిరీలు, అంటే గడ్డిమైదానాలు, పసుపు పూస్తాయి. మనవాళ్లు బాగా స్థిరపడ్డ నేపర్‌విల్‌ను ఆనుకుని లైల్ ఊళ్లో మోర్టన్ ఆర్బొరీటం ఉంది. చుట్టాలొస్తే అక్కడి షూలెన్‌బర్గ్ ప్రెయిరీ చూపిస్తుంటాను. తలెత్తి చూసేంత ఎత్తున్న ఆ పూలను చూసి, “ఇక్కడా పొద్దుతిరుగుడేనా?” అంటారు. రెండూ చామంతి కుటుంబానివే గానీ, అక్కడ ఎత్తుగా కనిపించేవాటిలో చాలావరకు సిల్ఫియం అనే మొక్కలు. పొద్దుతిరుగుడులో గింజ పడేది నడుమ చక్రంలో. సిల్ఫియంలో నడుమ పూలు గింజ కట్టవు, అంచున రేకలున్నవే కడతాయి.

సిల్ఫియం అని తేలాక ఇక పువ్వుతో పని లేదు, పూతలో అవన్నీ ఇంచుమించు ఒక్కలాగే ఉంటాయి. ఆకు చూడాలి. నలుపలకల కాండానికి ఎదురెదురు ఆకులు మొదట్లో కలిసిపోయి, దొప్పలా వాననీళ్లు పట్టి ఉంచితే కప్ ప్లాంట్. వెడల్పాటి గరుకు ఆకులన్నీ నేల దగ్గరే ఉండి, పూలకాడ మాత్రం బోసిగా పైకి లేస్తే ప్రెయిరీ డాక్. ఆకు లోతుగా చీలి, కాండం నిండా నూగు ఉండి, గాటు పడితే జిగురు కారేది కంపాస్ ప్లాంట్. దాని అడుగు ఆకులు అంచులను ఉత్తర దక్షిణాలకు పెట్టి నిలువుగా నిలబడతాయి. మిట్టమధ్యాహ్నపు ఎండను తప్పించుకుని, పొద్దుటి ఎండనూ సాయంత్రపు ఎండనూ నిండుగా అందుకునే ఏర్పాటది.

నేల కూడా కొంత చెబుతుంది. కప్ ప్లాంట్ వాగుల ఒడ్డున, తేమ పల్లాల్లో పెరుగుతుంది. కంపాస్ ప్లాంట్‌కు లోతైన నల్లనేల ఇష్టం, తల్లివేరు పదడుగులు దాటి దిగుతుంది. 1837లో జాన్ డీర్ ఇల్లినాయ్‌లోనే ఉక్కు నాగలి తయారుచేశాక ఆ నల్లనేల మొక్కజొన్న పాలైంది. ప్రెయిరీ రాష్ట్రమని పేరున్న ఇల్లినాయ్‌లో అసలు ప్రెయిరీ వెయ్యోవంతు కూడా మిగల్లేదు. ఆ కాస్తలో కొంత నాగలి పోలేని చోట్ల, పాత శ్మశానాల్లో, రైలు పట్టాల పక్కన బతుకుతోంది. షూలెన్‌బర్గ్ ప్రెయిరీ కూడా 1962 నుంచి పొలంలో చేత్తో నారు నాటి పెంచినదే.

అందుకే పట్టాల పక్కన ఎవరూ నాటని కంపాస్ ప్లాంట్ కనిపిస్తే, ఆ చోటు నాగలి ఎరగనిదేమో అని ఆగి చూడాలి. దాన్ని కోయకండి, పీకకండి. ఫొటో తీస్తే పువ్వుతోపాటు ఆకు, కాండం, చుట్టూ ఉన్న నేల కూడా తీయండి. పువ్వొక్కటే ఉన్న ఫొటో చూసి సిల్ఫియం పేరు తేల్చడం కష్టం.