వైడూర్యం పిల్లికన్నేనా? కాళిదాసు ఉపమానాల ఆధారంగా ఒక పరిశీలన

కావ్యాలకు టీకాతాత్పర్యాలు రాసేవారు వైడూర్యశబ్దం ఎదురైనప్పుడు ‘పిల్లికన్ను అనే మణి’ అని అర్థం చెప్పి ముందుకు సాగడం పరిపాటి. నవరత్నాలలో అది కేతుగ్రహానికి చెందిన రత్నమని నగల దుకాణాలలోనూ చెబుతారు. మోనియర్ విలియమ్స్ సంస్కృత నిఘంటువు కూడా ఈ అర్థాన్నే ఇచ్చింది. ఇన్ని ఆధారాలుండగా టీకాకారులను తప్పుపట్టడం అన్యాయమే అనిపిస్తుంది. అయితే ఈ అర్థంతో కాళిదాసును చదివితే రెండు చోట్ల ఉపమానం కుదరదు. ఆ రెండు చోట్ల ఉన్నది పిల్లికన్ను కాదనీ, ఖనిజశాస్త్రం నేడు బెరిల్ అని పిలిచే మణి అనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఈ గుర్తింపు భాషాశాస్త్రానికి కొత్తది కాదు. గ్రీకు ‘బేరిల్లోస్’ శబ్దానికి మూలం ప్రాకృత ‘వేలురియ’ అన్నది చాలామంది అంగీకరించిన విషయమే. దానిని కావ్యార్థ నిర్ణయానికి వినియోగించుకోవడమే ఇక్కడి ప్రయత్నం.

మొదటిది కుమారసంభవం ప్రథమసర్గలోని పార్వతీజనన ఘట్టం. కాంతిమండలంతో వెలుగుతున్న కూతురి వల్ల తల్లి మేన ప్రకాశించిన తీరును కవి విదూరభూమితో పోల్చాడు. కొత్త మేఘం ఉరమగానే ఆ నేలలో నుంచి ‘రత్నశలాక’ మొలుచుకొస్తుంది. విదూరం నుంచి వచ్చినది కనుక వైడూర్యమని పాణిని శబ్దసిద్ధి చెప్పాడు. మణి పుట్టేది వాలవాయపర్వతంలో కదా, విదూరంలో దానికి సంస్కారం మాత్రమే జరుగుతుంది కదా అని పతంజలి మహాభాష్యంలో చర్చించాడు. ‘వాలవాయజం’ అనే పర్యాయపదం అక్కడిదే. వ్యాకరణచర్చ ఎలా ఉన్నా, కాళిదాసు వాడిన శలాకాశబ్దం ఇక్కడ కీలకం. శలాక అంటే పుల్ల, కడ్డీ. బెరిల్ సహజస్ఫటికం ఆరు పలకల సన్నని స్తంభంలా పెరుగుతుంది. మొలకతోనూ శలాకతోనూ పోలిక దానికి అతికినట్టు సరిపోతుంది. పిల్లికన్ను, అంటే క్రిసోబెరిల్, అలాంటిది కాదు. అది ఎక్కువగా నదీగర్భపు కంకరలో గుండ్రని రాళ్లుగా దొరుకుతుంది. దానిలోని కదిలే తెల్లని గీత గుబ్బగా సానపట్టిన తరువాతగాని కనిపించదు. నేలను చీల్చుకొని వచ్చే ముడిరాయిలో ‘కన్ను’ ఎక్కడిది?

రెండవది మేఘదూతంలోని యక్షుని ఇంటి దిగుడుబావి. దాని మెట్లు మరకతశిలలు. నీటిలో బంగారు తామరలు, వాటికి నునుపైన వైడూర్యపు కాడలు. తామరకాడ పొడవైనది, పచ్చనిది. బెరిల్ స్తంభం ఆ రూపాన్నీ ఆ రంగునూ ఒకేసారి ఇస్తుంది. పిల్లికన్ను రెంటిలో దేనినీ ఇవ్వదు. మరకతం కూడా ఖనిజరీత్యా బెరిల్ జాతిదే గదా అని ఆక్షేపించవచ్చు. ప్రాచీనులు మణులను వర్ణాన్ని బట్టి వేరుచేశారే గాని రసాయనసంఘటనను బట్టి కాదు. కవి ఒకే శ్లోకంలో రెండింటినీ వేర్వేరుగా చెప్పడమే దీనికి సమాధానం.

ఒకటవ శతాబ్ది రోమన్ రచయిత ప్లినీ చెప్పిన విషయం కూడా ఇందుకు అనుకూలం. భారతీయులు బెరిల్‌ను పొడవుగా ఉంచడానికే ఇష్టపడతారనీ, ఏనుగు వెంట్రుకలతో గుచ్చుతారనీ అతడు రాశాడు. తమిళనాడులో నొయ్యల్ నది ఒడ్డున కొడుమణల్ తవ్వకాలలో బెరిల్ పూసల తయారీ ఆనవాళ్లు దొరికాయి.

పురాణం ఏమంటున్నది? గరుడపురాణంలోని రత్నపరీక్షాభాగం బలాసురుని శరీరం నుంచి రత్నాలు పుట్టాయని చెబుతుంది. ఎముకలు వజ్రాలయ్యాయి, రక్తం పద్మరాగమైంది, పిత్తం మరకతమైంది. వైడూర్యం మాత్రం అతని గర్జన నుంచి పుట్టింది. ధ్వని నుంచి రాయి పుట్టడం విచిత్రంగా తోచవచ్చు గాని, ఉరుముకు మొలిచే కాళిదాసు రత్నశలాకతో కలిపి చదివితే రెండింటి వెనుక ఒకే విశ్వాసం ఉన్నట్లు కనబడుతుంది. ఈ సామ్యాన్ని వ్యాఖ్యాతలు మరింత పట్టించుకోవలసింది. ఈ పురాణమే ఉత్తమ వైడూర్యం నెమలికంఠపు నీలం లేదా వెదురాకు పచ్చన అని నిర్ణయించింది. రెండూ బెరిల్ వన్నెలే.

మరి పిల్లి ఎప్పుడు ప్రవేశించింది? నరహరి రాజనిఘంటువులో ఒక జాడ ఉంది. వెదురాకు, నెమలికంఠం, పిల్లికన్నుల పింగళవర్ణం అని అతడు వైడూర్యాన్ని మూడు ఛాయలుగా విభజించాడు. ఇక్కడ పిల్లికన్ను రంగుకు మాత్రమే పోలిక, కదిలే గీత ప్రసక్తి లేదు. పాత రెండు వన్నెలు క్రమంగా మరుగునపడి మూడవదే మణికి పేరుగా నిలిచిందని నా ఊహ.

ఆధ్యాత్మికార్థం కూడా ఈ మార్పును వెంబడించింది. బౌద్ధంలో భైషజ్యగురువు వైడూర్యప్రభుడు. టిబెట్, చైనా సంప్రదాయాలలో ఆ ప్రభ నీలకాంతి, స్వస్థతకు చిహ్నం. జ్యోతిషంలో కేతువుకు ముడిపడిన పిల్లికన్నుకు ఈ అర్థం పొసగదు. ఒకే పేరు కింద రెండు రాళ్లు, రెండు ఉపాసనలు ఉన్నాయి. బృహత్సంహిత వైడూర్యాన్ని రత్నాల జాబితాలో చేర్చినా, వరాహమిహిరుడు విపులంగా పరీక్షించినవి వజ్రం, ముత్యం, పద్మరాగం, మరకతం మాత్రమే. అతని మౌనం నుంచి ఏ అర్థాన్నీ సాధించలేం.

తెలుగు ప్రబంధాల విషయంలో ఒకే సూత్రం చెల్లదు. రాజనిఘంటువులోని మూడు ఛాయలూ మన కవులకు తెలిసి ఉండవచ్చు. కాడ, మొలక, వెదురు, గరిక వంటి ఉపమానాలతో వచ్చినచోట బెరిల్ అనీ, పింగళవర్ణం స్పష్టమైనచోట పిల్లికన్ను అనీ టీక రాయడం సమంజసం. భైరవకవి తెలుగులో రత్నపరీక్ష రచించినట్లు సాహిత్యచరిత్రకారులు పేర్కొన్నారు. వైడూర్యలక్షణం విషయమై ముందుగా పరిశీలించవలసిన తెలుగు రచన అదే.