చిన్న తూటాకు చిన్న తుపాకీ

మార్కాపురం, గిద్దలూరు వైపు తుపాకీ అనగానే రెండే గుర్తొస్తాయి: నల్లమల అంచుల్లో దొంగవేటగాళ్ల నాటు తుపాకీ, లేదంటే కూంబింగుకొచ్చిన జవాన్ల తుపాకీ. ఈ రెండింటికీ చెందని వంశం ఒకటుంది. పంటల్ని, పచ్చిక బయళ్లని పాడుచేసే చిన్న జంతువుల కోసం అమెరికా, ఐరోపాల్లో పుట్టిన సన్నగొట్టం రైఫిళ్లవి. నాకు వేట మీద మోజు లేదు, వాటి పనితనం మీద ఉంది.

.22 హార్నెట్ తూటానే చూడండి. దానికి మూలం 1885 నాటి నల్ల తుపాకీమందు తూటా. 1920ల చివర అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధ కర్మాగారంతో సంబంధమున్న టౌన్సెండ్ వీలెన్, వాట్కిన్స్ వంటివారు ఆ పాత ఇత్తడి తొడుగులోనే పొగరాని మందు నింపి దానికి కొత్త ప్రాణం పోశారు. తూటా మొత్తం పొడవు 44 మి.మీ. లోపే, పలక మీద రాసీ రాసీ అరిగిన బలపం ముక్కంత. 2.9 గ్రాముల గుండు సెకనుకు దాదాపు 820 మీటర్ల వేగంతో బయల్దేరుతుంది. నూటయాభై మీటర్ల దాకా దాన్ని నమ్మవచ్చు. చప్పుడు తక్కువ కాబట్టి ఇళ్ల దగ్గరి పొలాల్లోనూ పనికొచ్చింది. 1930లో విన్చెస్టర్ ఈ తూటాలను అమ్మకానికి పెట్టేనాటికి వాటికోసం ఏ కంపెనీ తుపాకీ చేయలేదు. తూటా ముందు, తుపాకీ తర్వాత!

అసలు చిక్కు ఆ తుపాకీలోనే. విన్చెస్టర్ మోడల్ 70 గొప్ప రైఫిలే. కానీ పెద్ద తూటాల కొలతకు చేసిన బోల్టునూ తూటాల పెట్టెనూ హార్నెట్‌కూ సర్దారు. చెకోస్లొవేకియాలోని బ్రనో కర్మాగారం వాళ్లు అలా సర్దుకోలేదు. మన సైన్యం ఏళ్ల తరబడి వాడిన బ్రెన్ గన్‌కు మూలం కూడా ఆ కర్మాగారమే. రెండో ప్రపంచయుద్ధం తర్వాత వచ్చిన జెడ్‌కెడబ్ల్యు 465లో మౌజర్ రైఫిల్ యంత్రాంగాన్ని అంతా హార్నెట్ కొలతకు కుదించారు. బోల్టు, అది కదిలే చట్రం, పెట్టె, అన్నీ ఆ తూటా కొలతకే. హార్నెట్ తూటా అడుగున అంచు ఉంటుంది. పెట్టెలో ఒకదాని అంచు ఇంకోదాని అంచుకు తగులుకుంటే తూటా ఇరుక్కుంటుంది. అంత చిన్న చోట ఆ చిక్కు విప్పడంలో ఉంది హస్తలాఘవం. ట్రిగ్గర్లు రెండు. వెనకది నొక్కితే ముందుది సిద్ధమవుతుంది, ఆపైన తాకితే చాలు. మడమకు వాల్‌నట్ కర్ర. బరువు మూడు కిలోల లోపే.

తర్వాతి తూటాలు వేగం వెంట పరుగెత్తాయి. 1935 నాటి .220 స్విఫ్ట్ సెకనుకు 1,250 మీటర్లు దాటింది, గొట్టాలను త్వరగా అరగదీస్తుందన్న పేరూ తెచ్చుకుంది. 1950లో రెమింగ్టన్ ఇంజనీరు మైక్ వాకర్ చేసిన .222 మాత్రం నిజమైన మేటి. ఏళ్ల పాటు గురి పోటీలను ఏలింది. మన సైన్యపు ఇన్సాస్ రైఫిల్ పేల్చే 5.56 తూటా పుట్టింది ఆ వంశంలోనే.

పంట మీద పడే అడవిపందికి హార్నెట్ వాడదామనుకునేవాళ్లు వద్దనుకోవాలి. ఆ గుండు పందిని చంపదు, గాయపరుస్తుంది. పైగా 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అనుమతి లేకుండా వేటాడడం నేరం. ఈ రైఫిల్‌కు తగిన చోటు లైసెన్సున్నవాళ్ల షూటింగ్ రేంజి. చిన్న తుపాకుల్లో మాత్రం, నా లెక్కలో, బ్రనో 465ను మించింది ఇంకా రాలేదు.