పనస దుంగలో అనుమంద్రం

విజయవాడ రహదారి మీదుగా రాత్రంతా ప్రయాణం చేసి వచ్చే ఉత్తరాంధ్ర బస్సులు తెల్లవారుజామున ఎల్బీనగర్ కూడలిలో ఆగుతాయి. బియ్యం మూటలు దిగుతాయి, మామిడిపళ్ల బుట్టలు దిగుతాయి, పలాస జీడిపప్పు డబ్బాలు దిగుతాయి. ఎప్పుడైనా ఒకసారి, పాత దుప్పట్లలో చుట్టి నులకతాడుతో కట్టిన నాలుగడుగుల మూట కూడా దిగుతుంది. దాన్ని డిక్కీలోంచి తీసే మనిషి కూలివాణ్ణి చెయ్యి వెయ్యనివ్వడు. రెండు చేతులా ఎత్తుకుని, ఆటోలో ఒళ్లో అడ్డంగా పెట్టుకుని, కొత్తపేట వైపో చైతన్యపురి వైపో సాగిపోతాడు. అందులో ఉన్నది బొబ్బిలి వీణ.

దిల్‌సుఖ్‌నగర్ అంటే అందరికీ గుర్తొచ్చేవి కోచింగ్ సెంటర్లు, సాయిబాబా గుడి, చీరల దుకాణాలు, మెట్రో స్తంభాల కింద కదలని ట్రాఫిక్. రోడ్డు మీంచి ఓ రెండు సందులు లోపలికి వెళ్తే ఇంకో లోకం ఉంది. సరూర్‌నగర్, చైతన్యపురి, వనస్థలిపురం కాలనీల్లో సాయంత్రాలు సరళీ స్వరాలు వినిపించే ఇళ్లు ఇంకా ఉన్నాయి. అక్కడ నేర్చుకునే పిల్లలు మొదట్లో గురువుగారింట్లో వీణ మీదే వాయిస్తారు. వర్ణాల దాకా వచ్చాక, ‘ఇక సొంత వీణ కొనుక్కో అమ్మా’ అని గురువుగారు అంటారు. ఆ మాటతో ఆ ఇంట్లో పెద్ద చర్చ మొదలవుతుంది. ఆన్‌లైన్‌లో దొరికేది తెప్పిద్దామా, బొబ్బిలి వెళ్లి చేయించుకుందామా? నన్నడిగితే మాత్రం ఈ చర్చే అనవసరం. వెళ్లి చేయించుకోండి. ఎందుకో చెప్పడానికే ఈ వ్యాసం.

విజయనగరం జిల్లా బొబ్బిలి పట్టణాన్ని ఆనుకుని గొల్లపల్లి ఉంది. బొబ్బిలి అనగానే మనకు 1757 నాటి యుద్ధం, తాండ్ర పాపారాయుడు గుర్తొస్తారు. ఆ ఊరి పేరుతోనే వీణ కూడా బతుకుతోంది. బొబ్బిలి సంస్థానం ఆదరించిన ఈ వీణల తయారీని గొల్లపల్లిలో సర్వసిద్ధి ఇంటిపేరున్న కుటుంబాలు తరాలుగా చేస్తున్నాయి. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు దక్కింది. పక్కనే విజయనగరంలో 1919లో సంగీత కళాశాల వెలిసింది; దాని తొలి అధ్యక్షుడు ఆదిభట్ల నారాయణదాసు. పాడేవాళ్లూ వాయించేవాళ్లూ అడుగడుగునా ఉన్న నేల అది. మంచి వాద్యాలు అలాంటి చోటే పుడతాయి. చేసేవాడి పనిని అక్కడికక్కడే వాయించి, ఇక్కడ బాగుంది, ఇక్కడ బాగోలేదు అని చెప్పే మనుషులు ఉండాలి కదా.

గొల్లపల్లి వీణకు ప్రాణం పనస కర్ర. కాయ కాసి కాసి ముదిరిన చెట్టు కావాలి, అదీ వీణ కుండ, అంటే నాదం మోగే గుండ్రటి భాగం, పట్టేంత లావున్న మాను. కోసినప్పుడు పనస కర్ర పసుపుపచ్చగా ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఎర్రబారి, తేనె రంగు దాటి ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది. చెద అంత తొందరగా పట్టదు. తేలికగా ఉంటుంది, బిగువుగానూ ఉంటుంది. ఈ రెండు గుణాలూ ఒక్క కర్రలో కలవడం అరుదు. బిగువు లేకపోతే తీగల లాగుడికి దండి, అంటే వీణ మెడ, వంగిపోతుంది. తేలిక లేకపోతే కుండ మోగదు.

ఆ మాను లోంచి కుండ, దండి, దాని చివర యాళి అనే కల్పిత మృగం ముఖం దాకా అతుకు లేకుండా ఒకే దుంగలో చెక్కితే అది ఏకాండి వీణ. విడివిడిగా చెక్కి అతికించినది అతుకుల వీణ. అతుకుల వీణలో మంచివి లేవని కాదు, చాలామంది గొప్పగా వాయించారు. కానీ ఏకాండి వీణను ఒళ్లో పెట్టుకుని మంద్రపు తీగ మీటి చూస్తే తేడా మీకే తెలుస్తుంది. నాదం కుండ దగ్గర ఆగిపోదు, దండి పొడవునా పాకి ఎడమ భుజం దాకా వస్తుంది.

కుండ తొలిచే పని చూడవలసిన పని. దుంగను నేల మీద పెట్టి, పనివాడు ఒక కాలి మడమతో కదలకుండా అదిమిపట్టి, బాడిసెతో లోపలి కర్రను పెళ్లలు పెళ్లలుగా లేపుతాడు. మొదట పెద్ద పెద్ద పెళ్లలు, ఆ తర్వాత ఉలికి వచ్చే చిన్న ముక్కలు, చివరికి పొట్టు. కొంత తొలిచాక బయటి నుంచి వేలి కణుపుతో తట్టి వింటాడు. మళ్లీ తొలుస్తాడు, మళ్లీ తట్టి వింటాడు. గోడ ఎంత పలచబడాలో కొలబద్ద చెప్పదు, చెవే చెప్పాలి. ఒక్క దెబ్బ ఎక్కువ పడితే కుండ చిల్లు పడుతుంది, వారాల కష్టం పోతుంది. భయపడి దళసరిగా వదిలేస్తే వీణ జీవితాంతం మూగగా ఉంటుంది. మంచి వీణ ఈ రెంటి మధ్య ఉన్న సన్నని హద్దు మీద నిలుస్తుంది.

తర్వాత పైన పలక వేస్తారు. పలక మీద రెండు వైపులా పువ్వుల్లా చిన్న చిల్లుల గుంపులు ఉంటాయి. దండి చివర నోరు తెరిచిన యాళి. పూర్వం అంచుల నగిషీకి దంతం, దుప్పి కొమ్ము వాడేవారు. వన్యప్రాణి చట్టం వచ్చాక ప్లాస్టిక్ పలకలే గతి అయ్యాయి, నాకు అందులో బాధేమీ లేదు. ఏనుగు చస్తే తప్ప రాని అందం వీణకు అక్కర్లేదు. దండి కింద ఎడమ వైపు తగిలించే సొరబుర్ర కూడా ఇప్పుడు చాలావరకు కాగితపు గుజ్జుతోనో ఫైబర్‌తోనో చేసినదే. దాని ముఖ్యమైన పని ఒళ్లో వీణకు ఆనుగా ఉండడం కనుక ఫరవాలేదు.

ఇక మెట్లు. కొనేవాళ్లు సాధారణంగా పట్టించుకోని భాగం ఇదే, వీణకు సగం ఆయువు మాత్రం ఇక్కడే ఉంది. తేనెమైనంలో నల్లటి పొడి కలిపి వేడిచేసి, దండి మీద రెండు గట్లుగా పోస్తారు. వాటి మీద 24 లోహపు మెట్లను ఒక్కొక్కటిగా నిలబెట్టి, తీగ మీటి చెవితో వింటూ, వెంట్రుకవాసి ఇటు జరిపి అటు జరిపి స్థానం కుదురుస్తారు. దీన్నే మేళం కట్టడం అంటారు. ఇలా ప్రతి స్థాయికి 12 చొప్పున 24 మెట్లు స్థిరంగా కట్టే పద్ధతిని తంజావూరు ఏలిన రఘునాథ నాయకుడి పేరుతో చెబుతారు. 17వ శతాబ్దం మొదట్లో రాజ్యం చేసిన ఆయన తెలుగులో కావ్యాలు రాసిన కవిరాజు. అంతకుముందు మెట్లను రాగానికి తగినట్టు జరుపుకోవలసిన వీణలు ఉండేవి. ఈ అమరిక వచ్చాక ఏ రాగమైనా ఒకే వీణ మీద, మెట్టు కదపకుండా, మూడున్నర స్థాయిల్లో పలుకుతోంది.

మెట్టు స్థిరమే, స్వరం మాత్రం స్థిరం కాదు. ఎడమచేతి వేళ్లతో తీగను పక్కకు లాగితే ఒకే మెట్టు మీద మూడు నాలుగు స్వరాలు పలుకుతాయి. అందుకే మెట్టు ఎత్తు సరిపోవాలి, తీగ దాని మీద జారాలి, మైనం కదలకూడదు. గమకం బరువంతా మోసేది ఆ నల్లటి మైనమే.

కుండ మీద నిలిచే గుర్రం గురించి చెప్పకపోతే వీణ గురించి ఏమీ చెప్పనట్టే. కర్ర గుర్రం పైన లోహపు పట్టీ ఉంటుంది. చూపుకు చదునుగా ఉన్నా దానికి సన్నని వంపు ఉంటుంది. తీగ ఆ వంపు మీద ఒక్క చోటనే ఆనకుండా, కంపించేటప్పుడు కొద్దికొద్దిగా తాకుతూ విడుస్తూ ఉంటుంది. వీణ నాదంలో వినిపించే ఆ ఝుమ్మన్న జీవం అక్కడ పుడుతోంది. విశాఖపట్నంలో చదువుకున్న సి.వి.రామన్ ఈ సంగతిని పరిశీలించి 1921లో ఒక చిన్న పరిశోధన వ్యాసం ప్రచురించారు. లెక్క ప్రకారం, తీగను ఏ బిందువు దగ్గర మీటితే ఆ బిందువు నిశ్చలంగా ఉండవలసిన అనుస్వరాలు వినిపించకూడదు. వీణ, తంబురాల్లో అవి నిక్షేపంగా వినిపిస్తున్నాయని రామన్ చూపించారు. కారణం ఆ గుర్రం వంపే. గొల్లపల్లి పనివాడు ఆకురాయితో ఒకసారి గీకి, ఒకసారి మీటి కుదిర్చే ఆ వంపులో ఇంత భౌతికశాస్త్రం ఉంది.

మెట్లు, కర్ర, నాదం గురించి ఇంతే పట్టింపు ఉన్నవాళ్లు ఇంకొందరున్నారు: ఇదే దిల్‌సుఖ్‌నగర్ కాలేజీల్లో బాస్ గిటార్ పిచ్చి ఉన్న కుర్రాళ్లు. పెద్దవాళ్లు వాళ్ల అభిరుచిని తక్కువగా చూస్తారు, అది సరికాదు. నాలుగు లావాటి తీగల మీద పాట మొత్తాన్ని కింది నుంచి మోసే వాద్యం అది. 1951లో లియో ఫెండర్ తెచ్చిన బాస్‌కు ప్రెసిషన్ అని పేరు పెట్టింది కూడా మెట్లు ఉన్నందువల్లే. మెట్లు లేని నిలువు బాస్ మీద వెతుక్కోవలసిన స్వరం దీని మీద కచ్చితంగా దొరుకుతుంది. ఆ తర్వాత బాస్ వాయిద్యకారుడు జాకో పాస్టోరియస్ తన ఫెండర్ జాజ్ బాస్‌ను మెట్లు లేకుండా వాయించి, స్వరాన్ని జార్చే స్వేచ్ఛ వెనక్కి తెచ్చుకున్నాడు. మెట్టు ఉంచుకునే ఆ జారుడు మొత్తం సాధించింది వీణ. న్యూయార్క్ బ్రూక్లిన్‌లో 1983లో మొదలైన ఫొడేరా లాంటి చోట్ల చేతితో చేసే బాస్ గిటార్ల కోసం వాయిద్యకారులు నెలల తరబడి ఎదురుచూస్తారు. మెడ, ఒళ్లు ఒకే కర్రలో సాగే గిటార్‌కు ప్రత్యేకమైన గిరాకీ ఉంది. మన ఏకాండి వీణ వెనక ఉన్న ఆలోచనా అదే. ఆ కుర్రాళ్లు కర్ర గురించి, నాదం నిలిచే తీరు గురించి మాట్లాడుకునేది వింటే, గొల్లపల్లిలో వీళ్లకు అందరికంటే ముందు మర్యాద దొరుకుతుందనిపిస్తుంది.

వీణలో వాళ్లకు వెంటనే నచ్చేది నాలుగో తీగ. సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం అని వాయించే తీగలు నాలుగు; పక్కన చిటికెనవేలితో మీటే తాళపు తీగలు మూడు. అనుమంద్రం మీద పంచమం మీటితే చెవికంటే ముందు ఛాతీకి వినిపిస్తుంది. వైణికులు ఈమని శంకరశాస్త్రి, ఆయన శిష్యుడు చిట్టిబాబుల రికార్డింగులు విన్నవాళ్లకు ఈ కింది తీగల బలం ఏమిటో చెప్పక్కర్లేదు. ఆలాపన కిందికి దిగి అనుమంద్రాన్ని తాకే చోట వీణ ఒక్కసారిగా రెండింతలు పెద్దదైనట్టు అనిపిస్తుంది. అందువల్ల కొత్త వీణ చూసేటప్పుడు నా సలహా ఒకటే. అందరూ ముందు సారణి మీటుతారు. మీరు అనుమంద్రం మీటండి. సారణి ఎలాంటి వీణ మీదైనా ఎంతో కొంత తియ్యగా పలుకుతుంది. అనుమంద్రం గంభీరంగా, స్పష్టంగా, చాలాసేపు నిలిచి పలికితే ఆ కుండ బాగా తొలిచినట్టు లెక్క. చప్పున ఆరిపోతే యాళి ముఖం ఎంత అందంగా ఉన్నా ఆ వీణ వద్దు.

తర్వాత కుండ, దండి కలిసే చోట కర్ర చారలను వేలితో తడుముతూ చూడండి. ఏకాండి అయితే చారలు తెగకుండా సాగుతాయి. సారణిని ఖాళీగా మీటి, పన్నెండో మెట్టు మీద నొక్కి మీటండి. పై షడ్జం కచ్చితంగా కలవాలి. ఇరవై నాలుగో మెట్టు దగ్గర మళ్లీ అదే పరీక్ష. శ్రుతి చేశాక తీగలు బిగించే బిరడలు జారుతున్నాయేమో కాసేపు ఆగి చూడండి. కుండ చివర తీగలు కట్టే నాగపాశం వైపు తీగలకున్న చిన్న రింగులు జరిపితే శ్రుతి సన్నగా మారాలి. మీ గురువుగారిని వెంట తీసుకెళ్లగలిగితే ఇవన్నీ వారే చూస్తారు. చేసినవాడి ఎదుటే వాయించి చూడడంలో ఇంకో సుఖం ఉంది. ‘ఇక్కడ రిషభం కాస్త తగ్గింది బాబూ’ అంటే, అతను నొచ్చుకోకుండా మైనం వేడిచేసి అక్కడికక్కడే సర్దుతాడు. మీ చేతికి, మీ శ్రుతికి కుదిరిన వీణతో ఇంటికి వస్తారు. డబ్బాలో కట్టి వచ్చే వీణకు ఈ యోగం లేదు.

మన వైపు ఎండల సంగతి మరవకండి. మే నెలలో ఎల్బీనగర్‌లో ఎండలో నిలిపిన కారులో వీణను వదిలితే మైనం మెత్తబడి మెట్లు ఒరుగుతాయి. కిటికీ పక్కన ఎండ పడే చోట, కూలర్ తడిగాలి నేరుగా తగిలే చోట పెట్టవద్దు. ఎంత జాగ్రత్తగా ఉన్నా ఏడాదికో రెండేళ్లకో మేళం మళ్లీ కట్టించుకోవాలి. అది వీణ స్వభావం, లోపం కాదు. మెట్రో రైళ్లు తిరిగే వేళ రోడ్డు పక్క ఫ్లాట్లలో సూక్ష్మమైన గమకాలు వినిపించవు కనుక, తెల్లవారకముందే సాధనకు కూర్చోవడం ఉత్తమం. బయట నగరం ఇంకా నిద్రలో ఉండగా, కొత్త పనస కర్ర వాసన గదిలో తేలుతుండగా, మీదైన వీణను మొదటిసారి శ్రుతి చేసుకునే ఆనందానికి ఏ నగా సాటిరాదు.

గొల్లపల్లిలో ఇప్పుడు ఎక్కువగా అమ్ముడయ్యేది సభల్లో జ్ఞాపికగా ఇచ్చే బుల్లి వీణ. అద్దాల బీరువాలో ముద్దుగా ఉంటుంది, పనివాళ్ల ఇల్లు గడిపేదీ అదే, కాబట్టి దాన్ని తప్పుపట్టలేను. కానీ బుల్లి వీణకు కుండ తొలిచే చెవి అక్కర్లేదు. మేళం కట్టే ఓర్పు అక్కర్లేదు. నిండు వీణకు గిరాకీ తగ్గితే ఆ చెవి తర్వాతి తరానికి అందదు. మాను లావున్న పనస చెట్లు దొరకడమూ కష్టమవుతోంది. ఊరికి పది మొక్కలు నాటినా అవి వీణ దుంగలు కావడానికి దశాబ్దాలు పడతాయి, కనుక అది ఈ రోజే మొదలుపెట్టవలసిన పని.

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ తల్లిదండ్రులకు, సంగీత పాఠశాలలకు నా విన్నపం ఇది. పిల్ల వర్ణం దాకా వచ్చిందంటే వచ్చే దసరా సెలవుల్లో బొబ్బిలి బస్సెక్కండి. గొల్లపల్లిలో పని చూడండి, అనుమంద్రం మీటి చూడండి, నిండు ఏకాండి వీణకు బయానా ఇచ్చి రండి. బేరమాడకండి.